పల్లపు మడిలో తెల్లమంచు

విశాఖపట్నంలో కాపురముంటూ గడ్డిపరకల మీది తెల్లమంచును, చిన్నవాటిని అతి దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సుతో ఫొటో తీయాలనే కోరిక ఉన్నవారు, డిసెంబరు మొదలయ్యేసరికి బంగాళాఖాతం మీద ఒక కన్నేసి ఉంచాలి. సముద్రంలో అల్పపీడనం కదులుతున్నన్ని రోజులూ మన్యం కొండల మీద మబ్బు పట్టి ఉంటుంది. మబ్బున్న రాత్రి ఒంటికి ఎంత చలి అనిపించినా నేల మీద మంచు గడ్డకట్టడం అరుదు. ఆ మబ్బు విడిపోయి, ఉత్తరం వైపు నుంచి పొడిగాలి మొదలై, పగలు ఆకాశం నీలంగానూ రాత్రి నక్షత్రాలు ఒత్తుగానూ కనిపించే రెండు మూడు రోజుల వ్యవధి దొరికినప్పుడే లంబసింగికి బయలుదేరడం వల్ల ప్రయోజనం ఉంటుంది. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే సూచనల్లో చాలామంది వాన కబురు కోసం వెతుకుతారు. చలికాలంలో నేను వెతికేది "పొడి వాతావరణం" అన్న మాట కోసం. కొత్త లెన్సు కొనడానికి ముందు ఆకాశాన్నీ నేల వాలునూ చదవడం నేర్చుకోవాలని, మన ప్రాంతంలో ఈ పనికి అంతకు మించిన పెట్టుబడి లేదని నా గట్టి నమ్మకం. హిమాలయాల్లో, యూరపులో మంచు రోజుల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి అక్కడి ఫొటోగ్రాఫరు తీరిగ్గా వెతుక్కోవచ్చు. మనకు దొరికేది పలచటి పొర, అదీ పొద్దెక్కేదాకానే. ఎక్కడ ఏర్పడుతుందో ముందే తెలిసినవారికి మాత్రమే అది అందుతుంది.

లంబసింగి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నా, 2022 ఏప్రిల్ వరకు అది మన విశాఖపట్నం జిల్లా ఊరే. అనకాపల్లి మీదుగా నర్సీపట్నం చేరి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఆ ఊరు వస్తుంది. చలికాలంలో ఆ ప్రాంతం గురించి పత్రికల్లో కనిపించే ఉష్ణోగ్రతలు ఎక్కువగా చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనవి. అక్కడ 3 డిగ్రీలని చదివి, సున్నాకు దిగలేదు కదా అని ప్రయాణం మానుకోనక్కరలేదు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంచుతారు. అది చెప్పేది ఆ ఎత్తులోని గాలి సంగతి. మబ్బులేని, గాలి ఆడని రాత్రి గడ్డిపరక తనలోని వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుకుంటూ, చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. పెట్టెలోని థర్మామీటరు 3 డిగ్రీలు చూపిస్తున్న తెల్లవారుజామున గడ్డి కొసల దగ్గర సున్నాకు దిగువన ఉండడం మామూలే.

గడ్డివాముల మీద మిగతా అన్నిటికన్నా ముందు మంచు పట్టడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పగలంతా ఎండకు కాగిన నేల రాత్రి తన వేడిని పైకి పంపుతూ ఉంటుంది. నేలకు ఆనుకుని ఉన్న రాయికీ మట్టిపెళ్లకూ ఆ వేడి అందుతుంది. ఎండుగడ్డి వేడిని సరిగా ప్రసరింపనివ్వదు కాబట్టి, వాము పైపొరకు కింది నుంచి ఏ సాయమూ అందదు, పైన ఆకాశానికి పోగొట్టుకునేది మాత్రం తగ్గదు. పూరిపాక కప్పు, నిలిపి ఉంచిన మోటారు సైకిలు సీటు, కారు పైకప్పు అన్నీ ఇదే తీరు. కొత్త చోటుకు వెళ్లినప్పుడు తెల్లవారకముందే టార్చి వేసి ముందుగా వీటిని చూస్తాను. వాటి మీద లేకపోతే గడ్డి మీద కూడా ఉండదని దాదాపు నిశ్చయించుకోవచ్చు.

ఎత్తుకు వెళ్లే కొద్దీ చలి ఎక్కువన్న లెక్కతో కొండ అంచులకు ఎక్కేవారే ఎక్కువగా కనిపిస్తారు. గాలి లేని రాత్రి ఆ లెక్క తలకిందులవుతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంబడి జారుతుంది. నీరు పల్లమెరుగునన్నట్టే చల్లగాలి కూడా పల్లమెరుగుతుంది. కోత అయిపోయి కొయ్యకాళ్లు మిగిలిన పల్లపు వరిమడుల్లో, చుట్టూ గట్లు అడ్డుగా ఉన్నచోట, ఆ గాలి నిలిచిపోతుంది. నేను మొదట్లో గట్టు మీది గరికను పరిశీలిస్తుంటే, పశువులను తోలుకుపోతున్న ఒక పెద్దావిడ ఆగి, "ఇటేపు కాదు బాబూ, ఆ పల్లపు మడిలో సూడండి. ఆడే తెల్లగా పడతాది" అని చేత్తో చూపించారు. ఆ మడికీ గట్టుకూ మధ్య ఎత్తు తేడా మనిషి నడుము లోతు కూడా లేదు. గట్టు మీద గరిక తడిగా ఉంది. మడిలోని కొయ్యకాళ్లు కొసల దాకా తెల్లగా ఉన్నాయి. భౌతికశాస్త్ర గ్రంథం అధ్యాయం మొత్తంలో చెప్పేదాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పారు.

చెట్ల సంగతి కూడా అంతే ముఖ్యం. మన్యంలో కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచుతారు. పక్కనే ఉన్న బయలు తెల్లబడిన ఉదయం కూడా ఆ తోట లోపలి ఆకుల మీద మంచు గడ్డకట్టి ఉండదు. చెట్ల కొమ్మలు కింది మొక్కలకూ ఆకాశానికీ మధ్య అడ్డుగా నిలిచి, కింది నుంచి వచ్చే వేడిని తిరిగి కిందికే పంపుతాయి. తోట అంచున నిలబడి చూస్తే ఆఖరి చెట్టు కొమ్మల పరిధి ఎక్కడ ముగిసిందో గడ్డి మీది తెలుపు హద్దు గీసి చూపిస్తుంది. మాక్రో ఫొటోలకు ఆ హద్దు రేఖ చాలా అనుకూలమైన చోటు. అక్కడ ఒకే ఆకు మీద ఒకవైపు నీటిబొట్టు, మరోవైపు గడ్డకట్టిన బొట్టు దొరకవచ్చు.

పొగమంచు విషయం విడిగా చెప్పాలి. చెరువులవేనం వ్యూపాయింటుకు తెల్లవారుజామునే చేరేవారంతా లోయ నిండిన పొగమంచు కోసం వస్తారు; అది అందమైనదే. గడ్డి మీద స్ఫటికాలు కావాలనుకునేవారికి మాత్రం రాత్రి పెందలాడే కమ్ముకునే పొగమంచు ఆటంకం. గాలిలో తేలే ఆ సూక్ష్మ నీటిబిందువులు మబ్బు చేసే పనే చేస్తాయి, నేల నుంచి వెళ్లే వేడిని తిరిగి నేలకే పంపుతాయి. రాత్రంతా ఆకాశం తేటగా ఉండి, తెల్లవారే వేళకు పొగమంచు పైకి లేచిన రోజు రెండూ దొరుకుతాయి. అలాంటి రోజులు తక్కువ.

గడ్డకట్టిన మంచులో దగ్గరగా చూస్తే రెండు వేరువేరు రకాలు ఉంటాయి. మన కొండల్లో ఎక్కువగా దొరికేది మొదటిది: సాయంత్రం నుంచి కురిసిన మంచుబొట్లు ముందు నీరుగా నిలిచి, తెల్లవారుజామున ఉష్ణోగ్రత దిగినప్పుడు ఉన్నచోటనే గడ్డకట్టినవి. రెండోది గాలిలోని తేమ నీరుగా మారకుండానే, నేరుగా ఆవిరి నుంచి ఘనరూపంలోకి వచ్చి పేరుకునే స్ఫటికాలు. తెల్లమంచు అని నేను ఇక్కడ ప్రత్యేకించి అంటున్నది దీనినే. కంటితో దూరం నుంచి చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి. లెన్సులో తేడా స్పష్టంగా తెలుస్తుంది. నీటిబొట్టు ఒక చిన్న కటకం. దానిలో వెనకాల ఉన్న కొండ, ఆకాశం తలకిందులుగా కనిపిస్తాయి. బొట్టు గడ్డకట్టగానే ఆ బొమ్మ మాయమవుతుంది, ఎందుకంటే నీటిలో కరిగి ఉన్న గాలి మంచులో ఇమడలేక సన్నని బుడగలుగా బయటపడి కాంతిని చెదరగొడుతుంది. తలకిందుల బొమ్మ ఉందా లేదా అని చూస్తే చాలు, చేతిలో థర్మామీటరు లేకపోయినా గడ్డకట్టిందో లేదో చెప్పవచ్చు. ఇక నేరుగా ఆవిరి నుంచి పెరిగిన స్ఫటికాలకు బొట్టు ఆకారమే ఉండదు. అవి సూదులుగా, పలకలుగా, అంచులు పదునుగా ఉంటాయి.

చింతపల్లి, లంబసింగి చుట్టుపక్కల ఇప్పుడు స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. మంచును దగ్గరగా చూడాలనుకునేవారికి స్ట్రాబెర్రీ ఆకును మించినది నాకు కనిపించలేదు. దాని అంచు రంపపు పళ్లతో ఉంటుంది. ప్రతి పంటి కొసనా రాత్రిపూట ఒక్కొక్క నీటిబొట్టు నిలుస్తుంది. అది గాలిలోంచి కురిసిన మంచు కాదు. వేళ్లు పీల్చిన నీరు ఎక్కువైనప్పుడు ఆకు తన అంచుల్లోని రంధ్రాల గుండా బయటికి నెట్టిన నీరు అది. అందుకే బొట్లన్నీ దాదాపు ఒకే పరిమాణంలో, సమానమైన ఎడంతో ఉంటాయి. తెల్లమంచు పడిన ఉదయం ఆ బొట్లు గడ్డకట్టి పాలిపోయిన గాజుపూసలవుతాయి. వాటి మధ్య, ఆకు అంచునున్న నూగు వెంట్రుకల మీద ఆవిరి నుంచి పెరిగిన సన్నని సూదులు నిలబడి ఉంటాయి. రెండు రకాల మంచూ ఒకే ఆకు మీద, ఒకే ఫ్రేములో వస్తాయి. ఆకు మధ్యభాగం మాత్రం చాలాసార్లు పచ్చగానే మిగులుతుంది. కొసలు, వెంట్రుకలు పలచనివి కాబట్టి త్వరగా చల్లబడతాయి. పైగా గాలిలోకి చొచ్చుకుని ఉన్న కొసకు అన్ని వైపుల నుంచీ ఆవిరి అందుతుంది, చదునుగా ఉన్న ఆకుతలానికి ఒకవైపు నుంచే అందుతుంది. స్ఫటికం పెరిగే కొద్దీ దాని కొస ఇంకా ముందుకు చొచ్చుకుపోతుంది, ఇంకా ఎక్కువ ఆవిరిని అందుకుంటుంది.

అదే ఆకు మీద ఒక బొట్టు గడ్డకట్టి, పక్క బొట్టు ఇంకా నీరుగానే ఉండడం చూసి ఆశ్చర్యపడనక్కరలేదు. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి తీరాలన్న నియమమేమీ లేదు. స్ఫటికం మొదలవడానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఆ ఆధారమేదీ లేని అతి చిన్న శుద్ధ నీటిబిందువు మైనస్ 38 డిగ్రీల దాపు వరకూ ద్రవంగానే ఉండగలదు. ఆకుల మీద ఆ ఆధారాన్ని కొన్నిసార్లు బాక్టీరియాలే సమకూరుస్తాయి. స్యూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా పైపొరలోని ఒక ప్రొటీను మైనస్ 2 డిగ్రీల దగ్గరే నీటిని గడ్డకట్టించగలదు. రైతుకు అది నష్టం కలిగించే సంగతి. ఒక ఆకు మీది బొట్లలో తేడా ఎందుకు కనిపిస్తుందో వివరించేది కూడా అదే.

స్ఫటికాల ఆకారం గురించి అతిగా ఆశపెట్టుకోకూడదు. హొక్కైడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఉకిచిరో నకాయా 1936లో కుందేలు వెంట్రుక కొస మీద మంచు స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెంచి, ఉష్ణోగ్రతను బట్టి, గాలిలోని తేమను బట్టి ఆకారం మారుతుందని పట్టిక గీసి చూపించారు. మైనస్ 2 డిగ్రీల దాపున పలకలు, మైనస్ 5 దగ్గర సూదులు, స్తంభాలు, మైనస్ 15 దగ్గర కొమ్మలు తొడిగిన ఆరు కోణాల నక్షత్రాలు. మన కొండల మీద గడ్డి కొస సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు దిగువకు చేరడమే గొప్ప కాబట్టి, క్రిస్మస్ కార్డుల మీది నక్షత్రాలు ఇక్కడ దొరకవు. దొరికేవి చిన్న పలకలు, పొట్టి సూదులు. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటడం అరుదు. అంత చిన్నవి కావడం వల్లే మాక్రో లెన్సు అవసరం ఏర్పడుతోంది.

ఇంత చిన్నదాని కోసం ఇంత శ్రమా అని అడిగేవారికి విల్సన్ బెంట్లీ సంగతి చెబుతుంటాను. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, జెరికో అనే పల్లెలో ఆయన రైతు. పందొమ్మిదేళ్ల వయసులో, 1885 జనవరి 15న, మైక్రోస్కోపుకు బెలోస్ కెమెరా తగిలించి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీశారు. ఒంటరి మంచు స్ఫటికానికి దక్కిన తొలి ఫొటోల్లో అది ఒకటి. వేడి చేయని కొట్టంలో, ఊపిరి బిగబట్టి పనిచేస్తూ, 1931లో చనిపోయేలోగా 5000కు పైగా స్ఫటికాలను ఆయన గాజుపలకల మీదికి ఎక్కించారు. కిటికీ అద్దాల మీది తెల్లమంచునూ, గడ్డి మీది మంచుబొట్లనూ కూడా అంతే శ్రద్ధగా తీశారు. ఆయన పద్ధతుల్లో ఊపిరి బిగబట్టడం ఒక్కటి ఈ నాటికీ మారలేదు.

నిజానికి మన ఊపిరే ఈ పనిలో పెద్ద శత్రువు. 1:1 పరిమాణంలో, అంటే స్ఫటికం బొమ్మ సెన్సారు మీద దాని అసలు పరిమాణంలోనే పడేలా తీసేటప్పుడు 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ముందుభాగం స్ఫటికానికి సుమారు అర అడుగు దూరంలో ఉంటుంది, మన ముక్కు దానికి వెనకాలే ఉంటుంది. ఒక్క నిట్టూర్పు తగిలితే సూదుల కొసలు గుండ్రబడతాయి. అందుకని వ్యూఫైండరులో కన్ను పెట్టకుండా, తెర మీద చూస్తూ, ముఖం పక్కకు తిప్పుకుని, కేబుల్ రిలీజుతోనో రెండు సెకన్ల టైమరుతోనో తీస్తాను. ఆకును సరిచేయడానికి చేయి ముందుకు చాపకూడదు. తప్పనిసరైతే పొడవాటి వెదురుపుల్ల వాడాలి. 60 మిల్లీమీటర్ల లెన్సుతో 1:1 సాధ్యమే అయినా ఇంకా దగ్గరికి వెళ్లవలసి వస్తుంది కాబట్టి, మంచు విషయంలో పొడవైన లెన్సే మేలు. మాక్రో లెన్సు లేనివారికి మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సూ, దానికీ కెమెరాకూ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులూ చాలు. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే ఎన్ని రెట్లు వస్తుందో దాదాపుగా తెలుస్తుంది. 25 మిల్లీమీటర్ల ట్యూబుతో సగం పరిమాణం, 50 మిల్లీమీటర్లతో పూర్తి పరిమాణం.

1:1 దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కు తగ్గించి పెట్టినా ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్/16కు వెళితే లోతు రెట్టింపవుతుంది గాని, ఆ దగ్గరి దూరంలో ఎఫ్/16 నిజానికి ఎఫ్/32గా పనిచేస్తుంది కాబట్టి, వివర్తనం (సన్నని రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం) వల్ల స్ఫటికం అంచులోని పదును పోతుంది. ఆ పదును కోసమే కొండ ఎక్కి వచ్చాం కదా. ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకస్‌ను ముందు కొస నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ వరుస ఫ్రేములు తీసి, ఇంటికి వచ్చాక కంప్యూటరులో కలపడమే సరైన మార్గం. ఈ పని సూర్యుడు కొండ దాటక ముందే పూర్తికావాలి. ఎండ తగిలాక స్ఫటికాలు కుదించుకుపోవడం మొదలవుతుంది, మొదటి ఫ్రేములోని సూది చివరి ఫ్రేములో ఉండదు, కలిపిన ఫొటోలో దయ్యపు నీడలు మిగులుతాయి. గాలి కూడా అంతే. గడ్డిపరక 0.1 మిల్లీమీటరు కదిలినా 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు మీద అది పదిహేను పిక్సెళ్లకు మించిన కదలిక. తెల్లవారే ముందు గాలి పూర్తిగా ఆగి ఉండే కొద్ది సమయం ఇందుకు అత్యంత విలువైనది.

ఎక్స్‌పోజరు, రంగుల విషయాలు తేలికగానే తేలిపోతాయి. తెలుపు ఎక్కువున్న ఫ్రేమును కెమెరా బూడిదరంగుకు దించుతుంది కనుక ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు (వెలుతురు రెట్టింపయ్యే మెట్టు) దాకా పెంచుకోవాలి. కెమెరా తన మార్పులు చేయని రా ఫైలుగా తీసుకుంటే నీడలోని నీలిరంగును తరువాత ఎంత ఉంచాలో ఎంత తీసేయాలో నిర్ణయించుకోవచ్చు. నేను కొంత నీలాన్ని ఉంచుతాను, ఎందుకంటే ఆ వేళ అక్కడ వెలుతురు నిజంగా నీలంగానే ఉంటుంది.

ఎండ వచ్చాక వరుస ఫ్రేముల పద్ధతి మానేసి, వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ఫ్రేమే తీయాలి. జనవరి మొదట్లో మన ప్రాంతంలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. లంబసింగి చుట్టూ ఉన్న కొండల వల్ల పల్లపు మడిలోకి ఎండ దిగేది ఇంకా ఆలస్యంగా. మొదటి కిరణం తాకిన చోట సూదుల కొసలు ముందు కరుగుతాయి. ఆ నీరు వెంట్రుక మొదలుకు జారి చిన్న పూసగా నిలుస్తుంది. కాసేపు ఒకే వెంట్రుక మీద పైన మంచు, కింద నీరు ఉంటాయి. ఆ నీటిపూసలో తలకిందుల కొండ మళ్లీ కనిపిస్తుంది. ఇంతకు మించిన ఫొటో మన కొండల్లో లేదని నేననుకుంటాను. గడ్డి వెనకాల నల్లటి నీడ పడే చోటును నేపథ్యంగా ఎంచుకుంటే ఆ అంచు వెలుగు విడిగా తెలుస్తుంది.

స్ట్రాబెర్రీ మడుల్లోకి రైతును అడగకుండా దిగకూడదు. మోకాళ్ల మీద కూర్చుని ఫొటో తీసేవారికి తెలియకుండానే పక్క వరుస నలిగిపోతుంది. పైగా మనకు అపురూపమైన ఆ తెలుపు పూత దశలో ఉన్న పంటకు దెబ్బ. కణాల్లోని నీరు గడ్డకడితే పూల మధ్యభాగం నల్లబడి కాయ కట్టదు. మంచు బాగా పడిందని వారి ఎదుట సంబరపడకుండా ఉండడం కనీస మర్యాద. అడిగితే కాదన్నవారు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. ఏ మడిలో ఎక్కువ పడుతుందో వారే చెబుతారు.

తిరుగు ప్రయాణంలో కెమెరాకు అసలు పరీక్ష ఎదురవుతుంది. పొద్దున 3 డిగ్రీలలో ఉన్న లెన్సు, మధ్యాహ్నానికి సముద్రతీరపు తేమగాలిలోకి వస్తుంది. చల్లటి గాజు మీద తేమ నీరుగా పట్టడం విశాఖవాసులకు కొత్త కాదు. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీసిన ప్రతిసారీ చూస్తూనే ఉంటాం. లెన్సు లోపలి పలకల మీద అదే జరిగి, సంచిలో అలాగే ఉండిపోతే బూజు పడుతుంది. కొండ మీదే, అక్కడి చల్లటి పొడిగాలిలోనే, కెమెరాను సిలికా జెల్ పొట్లాలతో సహా జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసేసి, ఇంటికి చేరి అది గది వేడికి వచ్చాకే తెరవాలి. మెమరీ కార్డునూ బ్యాటరీనీ సంచిలో పెట్టకముందే తీసి పెట్టుకుంటే, ఫొటోలు చూడాలన్న తొందరలో సంచి విప్పే అవసరం ఉండదు.

మిగతా పది నెలలూ ఊళ్లోనే సాధన చేయవచ్చు. ఒంటి తలుపు పాత ఫ్రిజ్‌లలో ఫ్రీజరు గోడలకు పేరుకునే తెల్లటి పొరను చాలామంది గీకి పారేస్తారు. దాని అంచును టార్చి వెలుతురులో మాక్రో లెన్సుతో చూస్తే, కొండ మీద దొరకని పొరలు పొరలుగా పెరిగిన పలకలు అక్కడ ఉంటాయి, ఎందుకంటే ఆ చలి సున్నాకు చాలా దిగువది. తానే మంచు కరిగించుకునే కొత్త రకం ఫ్రిజ్‌లలో ఇది దొరకదు. ఫ్రీజరులో బాగా చల్లబడిన స్టీలు పళ్లెం మీద ఒక నీటిచుక్క వేసి పక్కనుంచి చూడడం మరో మంచి సాధన. చుక్క కింది నుంచి పైకి గడ్డకడుతుంది. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి, చివర మిగిలిన నీరు పైకి నెట్టబడి, గుండ్రటి చుక్క తలమీద మొనదేలుతుంది. ఆ మొన కోణం దాదాపు 140 డిగ్రీలని కొలిచారు. స్ట్రాబెర్రీ ఆకు అంచున గడ్డకట్టిన కొన్ని బొట్లకు మొనలెందుకు ఉంటాయో నాకు అర్థమైంది మా వంటింటి పళ్లెం మీదనే.

ఫిషింగ్ హార్బరు ఇంకా గొప్ప చోటు. చేపల కోసం ఐసు ప్లాంటుల నుంచి వచ్చే దిమ్మలను అక్కడ క్రషరులో వేసి నలగ్గొడతారు. నీళ్లు నింపిన లోహపు డబ్బాలను సున్నాకు దిగువనున్న ఉప్పునీటి తొట్టెలో ముంచి ఆ దిమ్మలను తయారుచేస్తారు. గడ్డకట్టడం నాలుగు గోడల నుంచి మొదలై నడిమికి సాగుతుంది. మంచులో ఇమడని గాలీ లవణాలూ ముందుకు నెట్టబడి చివరికి నడుమ చిక్కుకుంటాయి, అందుకే దిమ్మ అంచులు గాజులా తేటగా, గర్భం తెల్లగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య సన్నటి పట్టీలో బుడగలు గుండ్రంగా ఉండవు. గడ్డకట్టే దిశలోనే సాగి, సన్నని గొట్టాలై, అన్నీ నడిమి వైపే చూస్తుంటాయి. వెనక నుంచి వెలుతురు పెట్టి ఆ పట్టీని తీసిన ఫొటోలో దిమ్మ ఏ వైపు నుంచి ఏ వైపుకు గడ్డకట్టిందో చదువుకోవచ్చు. చేపలు దిగే హడావిడి తగ్గాక, అక్కడ పనిచేసేవారిని అడిగితే విరిగిన పెచ్చులు ఇస్తారు. థర్మోకోల్ పెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఆ పెచ్చుతో ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. మంచుకు ద్వివక్రీభవన ధర్మం స్వల్పంగా ఉంది. ధ్రువిత కాంతి, అంటే ఒకే తలంలో కంపించే వెలుతురు, దానిగుండా వెళ్లేటప్పుడు రెండు కిరణాలుగా చీలి, కాస్త వెనకాముందులుగా బయటికి వస్తుంది. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుతురు ధ్రువితమైనదే కాబట్టి, తెర మీద ఖాళీ తెల్లటి పేజీ తెరిచి, లెన్సుకు పోలరైజరు ఫిల్టరు తగిలించి, తెర నల్లబడేదాకా ఫిల్టరును తిప్పాలి. అప్పుడు రెండింటి మధ్య పలచటి మంచు పలకను పట్టుకుంటే, అది నల్లటి నేపథ్యం మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో కనిపిస్తుంది. రంగు పలక మందాన్ని బట్టీ, ఒక్కొక్క స్ఫటికం అక్షం ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టీ మారుతుంది. 1 మిల్లీమీటరు మందం దగ్గర రంగులు చిక్కగా ఉంటాయి. బాగా మందమైతే వెలిసిపోతాయి. హార్బరు పెచ్చును కాస్త వెచ్చటి స్టీలు పళ్లెం అడుగు మీద రెండు వైపులా రుద్దితే చదునుగా, కావలసినంత పలచగా అవుతుంది. తెర మీద నీళ్లు పడకుండా పలచటి గాజు అడ్డుపెట్టాలి, గదిలో ఏసీ వేసి తేమ తగ్గించుకోవాలి, లేదంటే పలక మీద మన విశాఖ గాలి వెంటనే మసక కమ్ముతుంది. పలక చదునైనది కనుక ఇక్కడ వరుస ఫ్రేములు అక్కరలేదు. కెమెరాను దానికి సమాంతరంగా నిలిపితే ఎఫ్/8 దగ్గర ఒక్క ఫ్రేములోనే ప్రతి స్ఫటికం సరిహద్దూ అంచు నుంచి అంచు దాకా స్పష్టంగా వస్తుంది.